గిన్నెకు రెండు రూపాయలు

ఒక మహానుభావుడి జీవితాన్ని మూడు వందలకు బేరమాడి తెచ్చినదాన్ని నేను. పుట్టుక, పేదరికం, పట్టుదల, పదవులు, అవార్డులు, చివర్లో మూడు సూక్తులు, అన్నీ కలిపి. షాపువాడు చెప్పింది ఆరు వందలు. సగానికి సగం కొట్టేశాను. అదీ ఒక్కటి కాదు, ఎనిమిది జీవితాలు, ఎనిమిదీ ఒకే మనిషివి. మహనీయుల్ని ఇంత హోల్‌సేల్‌గా కొన్న తల్లి ఈ సైబరాబాద్‌లో ఇంకొకరుంటే చూపించండి, నా పేరు మార్చుకుంటాను.

మా అమ్మాయి అప్పుడు ఆరో తరగతి. "నాకు స్ఫూర్తినిచ్చిన వ్యక్తి" అని స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. చార్టు మీద జీవితం రాసి, బొమ్మలు అంటించి, క్లాసులో అందరి ముందూ ఐదు నిమిషాలు మాట్లాడాలి. గడువు పది రోజులు. అందులో ఎనిమిది గడిచాక నాకు తెలిసింది. పిల్ల చెప్పడం మర్చిపోలేదు, రోజూ చెబుతూనే ఉందట. నేనే ఆఫీసు ఫోను చెవిలో పెట్టుకుని "ఊఁ" అంటూ ఉన్నానట.

నా ఉద్యోగం హైటెక్ సిటీలో ఒక కంపెనీకి సరుకులు, సేవలు కొనిపెట్టడం. కుర్చీలు, క్యాబులు, క్యాంటీను, కంప్యూటర్లు, ఏవైనా సరే, అమ్మేవాళ్ళు ఒక ధర చెబుతారు, నేను ముఖం చిట్లిస్తాను. అందుకు నెలనెలా జీతం ఇస్తారు. కూకట్‌పల్లిలో స్టీలు సామాన్ల కొట్టు నడిపిన ఇంట్లో పుట్టినదానికి ఇంతకన్నా తేలికైన పని దొరకదు.

గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంటు ఎదురుగా ఒక స్టేషనరీ షాపు ఉంది. అందులో ప్రాజెక్టులు రెడీమేడ్‌గా దొరుకుతాయి. పొగ చిమ్మే అగ్నిపర్వతం, తిరిగే సౌరకుటుంబం, ఇంకుడు గుంత. పైన తీగకి ప్లాస్టిక్ కవర్లలో మహనీయులు వేలాడుతూ ఉంటారు. మా అమ్మాయి "నేనే రాస్తానమ్మా" అంది. "రెండు రోజుల్లో ఏం రాస్తావు" అని నేను తీగ వైపు చూశాను.

"సైంటిస్టు ఆరు వందలు మేడమ్. రాకెట్ కూడా వస్తది, థర్మోకోల్‌ది."

"రాకెట్ లేకుండా ఎంత?"

"రాకెట్ లేకుంటే సైంటిస్టు అని ఎట్ల తెలుస్తది మేడమ్?"

నాలుగు వందల యాభై దగ్గర అతను ఆగిపోయాడు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ మా రక్తంలో ఒక ప్రశ్న ఉంటుంది, అది అడగకుండా షాపు మెట్లు దిగలేం: "ఎన్ని తీసుకుంటే ఎంతకిస్తావు?" ఎనిమిది తీసుకుంటే మూడు వందలన్నాడు. మా అపార్ట్‌మెంట్లో అదే క్లాసు పిల్లల తల్లిదండ్రులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఇరవై నిమిషాల్లో ఏడుగురు బొటనవేళ్ళు చూపించారు. ఇంటికొచ్చి ఈ ఘనత చెబితే మా ఆయన చార్టును ఇటూ అటూ తిప్పి చూశాడు. "ఎనిమిది మందీ ఒకే క్లాసులో చెబుతారా?" అన్నాడు. "వేరే వేరే రోజుల్లో అయ్యుంటుందిలే" అన్నాను. సరుకు గిడ్డంగికి చేరాక ఎలా అమ్ముడవుతుందో నా డిపార్టుమెంటు కాదు.

ఒకే రోజు చెప్పించారు. సాయంత్రం మా అమ్మాయి ఏడవలేదు, అరవలేదు, రిపోర్టు ఇచ్చినట్టు చెప్పింది.

"మొదటి అబ్బాయి చెప్పినప్పుడు బానే ఉందమ్మా. రెండో అమ్మాయి చెప్పినప్పుడు, ఇద్దరికీ ఆయనే ఇష్టమేమో అనుకున్నారు టీచర్. నాలుగో వాళ్ళు వచ్చేసరికి క్లాసంతా వాళ్ళతో పాటే చెప్పేసింది, 'ఆయన జీవితం మనందరికీ ఆదర్శం' అని. నాది ఏడో నంబరు."

"మరి నువ్వేం చేశావు?"

"నేను చార్టు విప్పలేదు. టీచర్ విప్పమన్నారు. విప్పాను. రాకెట్ ఊడి కింద పడింది."

మర్నాడు టీచర్ ఫోన్ చేశారు. "మేడమ్, మీరే ఎనిమిది కలిపి కొన్నారని మీ పాప చెప్పింది. నిజమేనా అండి?" నిజమే, డిస్కౌంటు బాగా వచ్చింది అని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాను. ఆవిడ కోప్పడలేదు. ఎనిమిది మందికీ మూడు వారాలు గడువిచ్చారు. ఈసారి నిబంధనలు వేరు. బతికున్న మనిషి కావాలి. కనీసం రెండుసార్లు ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. రాసింది ముందు ఆ మనిషికే చదివి వినిపించి, వాళ్ళు సరేనన్నాకే క్లాసులో చెప్పాలి. వీలైతే వాళ్ళని తీసుకురావాలి. ఆ రోజు తల్లిదండ్రులూ రావాలి. గ్రూపులో బొటనవేళ్ళు చూపించినవాళ్ళు ఒక్కరూ మాట్లాడలేదు. ఒకాయన మాత్రం షాపువాడు వాపసు తీసుకుంటాడేమో కనుక్కోమన్నాడు.

నేను ఓడిపోయే రకం కాదు. మా ఆఫీసులో పై అంతస్తులో పెద్దాయన ఒకరున్నారు. ఆయన చిన్న ఊళ్ళో పుట్టి ఇంతవాడయ్యాడని అందరూ చెప్పుకుంటారు. ఆయన సెక్రటరీని పట్టుకుని అడిగాను. కలవడం కుదరదు గానీ అని రెండు పేజీల జీవిత విశేషాలు, నవ్వుతున్న ఫొటో పంపించింది. ప్రింటు తీసి ఇంటికి తెచ్చాను. మా అమ్మాయి మొదటి పేజీ చదివి తిరిగి ఇచ్చేసింది.

"ఇది కూడా షాపుదే కదమ్మా."

"షాపుదేంటి, మా ఆఫీసుది."

"మీ ఆఫీసుకి కూడా ఎవరో ఎనిమిది కలిపి అమ్మి ఉంటారు."

ఆ ఆదివారం మధ్యాహ్నం తను వంటింట్లో పళ్ళేలు తుడుస్తూ ఒక విషయం పట్టుకుంది. మా అన్నం గిన్నె మీద మా అమ్మమ్మ పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా, తారీఖుతో సహా చెక్కి ఉంది. తర్వాత కొన్న డబ్బాల మీద ఉన్నవి రెండే అక్షరాలు. ఎందుకలా అని అడిగింది. ముందు పూర్తిగా రాసేవాళ్ళు, తర్వాత ఫ్యాషన్ మారింది అన్నాను. అడిగింది కదా అని, మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన కథ కూడా చెప్పాను.

మా నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి కూకట్‌పల్లి మార్కెట్లో కొట్టు పెట్టారు. ఆ రోజుల్లో స్టీలు గిన్నె కొంటే దాని మీద పేరు ఉండి తీరాలి. పక్కింటికి కూర పంపితే గిన్నె తిరిగొచ్చేది పేరు చూసే. మా కొట్టు మెట్ల మీద ఒకావిడ ఉలి, సుత్తి, ఒక చెక్క దిమ్మ పెట్టుకుని కూర్చునేది. మార్కెట్టంతా ఆవిడని పేర్లక్క అనేవాళ్ళు. గిరాకీ కోసం మా నాన్న "పేరు చెక్కడం ఉచితం" అని బోర్డు పెట్టారు. ఉచితం కొనేవాళ్ళకి. మేము పేర్లక్కకి అక్షరానికి పావలా ఇచ్చేవాళ్ళం.

పన్నెండేళ్ళప్పుడు వేసవి సెలవుల్లో నన్ను గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టారు. పెళ్ళిళ్ళ సీజను. ఒక పెళ్ళి సెట్టంటే యాభై ఒక్క వస్తువు, ఒక్కోదాని మీద పెళ్ళికూతురి పేరు, ఇంటి పేరు, తారీఖు. నేను కాగితం మీద లెక్కేసి, లేచి వెళ్ళి మెట్ల మీద ఆవిడ ముందు నిలబడ్డాను. "అక్కా, ఇక నుంచి అక్షరాల లెక్క వద్దు. గిన్నెకు రెండు రూపాయలు. చిన్నదైనా పెద్దదైనా అంతే" అన్నాను. ఆవిడ సుత్తి ఆపి, నా మొహంలోకి కాసేపు చూసి, "సరే తియ్యి సేటు బిడ్డా" అంది. సెట్టుకి నూట యాభై రూపాయల పైన మిగులు. మా నాన్న ఆ సంగతి వీధిలో ప్రతి కొట్టుకీ వెళ్ళి చెప్పారు. వారం రోజులు ఎవరి కొట్టు ముందు నడిచినా నాకు బాదంపాలు. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగానికి ఇంటర్వ్యూలో కూడా ఈ కథే చెప్పాను. వెంటనే తీసుకున్నారు.

మా అమ్మాయి గిన్నెని వెలుగుకి పట్టి, వేలితో అక్షరాలు లెక్కపెట్టింది. "ఇరవై. పావలా చొప్పున ఐదు రూపాయలు. నువ్విచ్చింది రెండు."

"అవును" అన్నాను గర్వంగా.

గిన్నె బోర్లించింది. "ఆవిడ ఇంకా ఉన్నారా?"

ఉంది. మా నాన్నని ఫోన్లో అడిగితే, అదే వీధిలో నాలుగు కొట్లు అవతల కూర్చుంటోందన్నారు. మా కొట్టు ఎప్పుడో అద్దెకిచ్చేశాం, అందులో ఇప్పుడు సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నారు. శనివారం పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం. మెట్ల మీద కాదు, చిన్న బల్ల వెనక కుర్చీలో ఉంది పేర్లక్క. ఉలి పోయి చేతిలో కరెంటు మిషను, తలలో సగం తెలుపు, ముక్కు మీద కళ్ళజోడు. నన్ను చూసి మిషను ఆపింది.

"సేటు బిడ్డవు గదా. లావైనవ్."

"మా అమ్మాయి అక్కా. స్కూల్లో ఎవరి గురించైనా రాయమన్నారు. మీ గురించి రాస్తానంటోంది."

"నా గురించి ఏముంటదని రాస్తవ్ బిడ్డా" అంటూనే బల్ల కింది నుంచి స్టూలు లాగి మా అమ్మాయికి వేసింది. నేను ఇంకో స్టూలు కోసం చూస్తుంటే మా అమ్మాయి, "అమ్మా, నువ్వుంటే నువ్వే మాట్లాడతావు" అంది. నన్ను పక్కనున్న చెరుకురసం బండి దగ్గరికి పంపేశారు. చెరుకు మిషను తిరగనప్పుడు మాటలు వినిపించేవి, తిరిగినప్పుడు పోయేవి. మూడు గ్లాసులు తాగి విన్నది ఇదీ.

పాలమూరు వైపు నుంచి వచ్చారు. భర్తకి జీడిమెట్లలో రసాయనాల డ్రమ్ములు కడిగే పని. ఒక్క గది కిరాయి కట్టడానికే జీతం చాలకపోయేది. మార్కెట్లో ఒక ముసలాయన గిన్నెల మీద పేర్లు చెక్కేవాడు. ఆయన సామాను పెట్టె మోయడానికి ఈవిడ కుదిరింది. ఆయనకు చూపు మందగించాక ఉలి ఈవిడ చేతికిచ్చాడు.

"మరి మీకు చదువు వచ్చా?" అని మా అమ్మాయి అడిగింది.

"ఒక్క అక్షరం రాదు. గిరాకి చిట్టి మీద పేరు రాసి ఇస్తరు గదా. గా గీతలు చూసి గట్లనే గీస్తుంటి. తలకిందులు వెట్టుకున్న దినాలు గూడ ఉన్నయి."

"ఎలా నేర్చుకున్నారు?"

"గిన్నె ఇచ్చేముందు అడుగుత. అమ్మా, జర చదువుండ్రి, సరిగ్గ వచ్చిందా లేదా అని. ఆళ్ళు ఒక్కో అక్షరం మీద వేలు వెట్టి చదువుతరు. నేను ఆ వేలు చూస్త. ఆర్నెల్లల్ల తెలుగు అయిపాయె. అటెంక ఇంగ్లీషు, అది జల్దీ వచ్చింది, తక్కువనే గదా."

"మీకు చదువు చెబుతున్నామని వాళ్ళకి తెలుసా?"

"ఎందుకు తెల్వాలె? తెలిస్తే పైసలు అడుగుతుండిరి."

చెరుకురసం గ్లాసు పట్టుకుని నేను నిలబడిపోయాను. పదిహేనేళ్ళుగా కంపెనీల దగ్గర ఫ్రీ ట్రైనింగ్ రాబట్టాలని చూస్తున్నాను, ఒక్కడూ ఇవ్వలేదు. ఈవిడ కూకట్‌పల్లి జనం మొత్తం చేత చెప్పించుకుంది. అంతలో చెరుకు మిషను మళ్ళీ తిరిగింది. తర్వాత వాళ్ళేం మాట్లాడుకున్నారో వినపడలేదు. ఒకసారి మాత్రం ఇద్దరూ నా వైపు చూశారు.

ఏం మాట్లాడుకున్నారో బుధవారం సాయంత్రం తెలిసింది. మా అమ్మాయి రాసిన మూడు పేజీలు బల్ల మీద ఉన్నాయి. రెండో పేజీలో నేనున్నాను. "ఈవిడ మిషను కొనడానికి రెండు వేలు కూడబెట్టారు. అప్పుడు మా అమ్మకి పన్నెండేళ్ళు. మా అమ్మ అక్షరానికి పావలా బదులు గిన్నెకు రెండు రూపాయలే ఇస్తానంది. ఆ నెలలో పని అంతే ఉంది కానీ డబ్బులు సగం కూడా రాలేదు. కూడబెట్టింది ఇంటి ఖర్చుకి అయిపోయింది. మళ్ళీ కూడబెట్టడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా ఆవిడ సుత్తితోనే చెక్కారు. ఇప్పుడు కుడి మణికట్టు పూర్తిగా వంగదు."

రెండుసార్లు చదివాను. నా జన్మలో నేను గెలిచిన మొదటి బేరం అది. దాన్ని మా నాన్న చుట్టాలకు, నేను ఆఫీసుకు, ఇన్నేళ్ళుగా పంచిపెట్టాం. ఇప్పుడు అదే బేరాన్ని ముప్ఫై మంది పిల్లల ముందు, వాట్సాప్ గ్రూపులోని ఏడుగురు తల్లిదండ్రుల ముందు, నా కూతురు ఇలా చదవబోతోంది. నాకు తెలిసిన పనే మొదలుపెట్టాను.

"మా అమ్మ అని ఎందుకు తల్లీ? ఒక షాపువాళ్ళు అని రాయొచ్చు కదా."

"షాపువాళ్ళు కాదుగా. నువ్వేగా."

"సరే, పన్నెండేళ్ళని ఉంచు. మణికట్టు తీసెయ్యి."

"మణికట్టే ముఖ్యం."

"పోనీ, ఆ పేరా అంతా తీసేస్తే నువ్వడుగుతున్న సైకిల్ విషయం ఈ నెలే చూద్దాం."

మా అమ్మాయి పెన్ను మూత పెట్టి నన్ను చూసింది. పన్నెండేళ్ళ నాకు పేర్లక్క అలాగే కనిపించి ఉంటుంది. "టీచర్ ఏమన్నారు? ఆవిడకి చదివి వినిపించమన్నారు. ఆవిడ తీసెయ్యమంటే తీసేస్తా. నువ్వంటే కాదు."

అంటే ఇక నా పరువు పేర్లక్క చేతిలో ఉందన్నమాట. రెండో శనివారం వెళ్ళేటప్పుడు అర కిలో కలాకంద్ కట్టించుకున్నాను. పేర్లక్క పొట్లం విప్పి, తలో ముక్కా చుట్టుపక్కల కొట్లవాళ్ళకి పంచి, మిగిలింది మూత పెట్టి బల్ల కింద పెట్టింది. ఈసారి నేను చెరుకురసం బండి దగ్గరికి వెళ్ళలేదు. వెనకే నిలబడ్డాను. మా అమ్మాయి చదువుతుంటే పేర్లక్క కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని వింది. మణికట్టు దగ్గరికి వచ్చేసరికి నేను ఎదుటి కొట్లో వేలాడుతున్న గరిటెలు చూస్తున్నాను.

"అక్కా, ఆ ముక్క వద్దంటే తీసేస్తుంది" అన్నాను, వీలైనంత మామూలుగా.

"ఎందుకు తీయాలె?"

"అంటే, మీకు ఇబ్బందేమో అని."

"నాకేం ఇబ్బంది? ఇబ్బంది నీకు. గందుకే కలాకందు తెచ్చినవ్." నవ్వి, మా అమ్మాయి వైపు తిరిగింది. "బిడ్డా, నువ్వు సగమే రాసినవ్. గది నా తప్పే, మొన్న మీ అమ్మ గా బండి కాడ చెవులు వెట్టి నిలవడ్డది. దందా సంగతి సేటు బిడ్డ ఇంటుంటే ఎట్ల చెప్త? ఇప్పుడు కొట్టే లేదాయె, చెప్తే ఏముంది. రాసుకో."

ఇద్దరం విన్నాం. మొదటి నెల చేతులు వాచాక పేర్లక్క ఒకటి ఆలోచించింది. గిన్నెకు రెండు రూపాయలన్నారు, ఎన్ని అక్షరాలో ఎవరూ అనలేదు. అప్పటి నుంచి గిన్నె తెచ్చిన ప్రతి ఆడమనిషికీ, పేరంతా రాస్తే తోమే పొడి సందుల్లో నిలుస్తదమ్మా, నల్లగ అయితది, గిప్పుడు పెద్ద పెద్ద ఇండ్లల్ల రెండు అక్షరాలే రాపిస్తున్నరు, అని చెప్పింది. మూడు నెలల్లో కాలనీ మొత్తం రెండక్షరాలకి మారిపోయింది. రెండు అక్షరాలకి రెండు రూపాయలు. ముందు పావలాకి చెక్కిన అక్షరం రూపాయి అయింది.

"ఫ్యాషన్ మారిందనుకున్నాను" అన్నాను.

"మారింది. నేనే మార్చిన."

మా అమ్మాయి రాస్తూనే ఉంది. పేర్లక్క వేలితో కాగితం మీద తట్టింది. "ఇంకోటి రాయి. మీ అమ్మ అడిగింది, నేను సరే అన్న. ఎవ్వరు నన్ను కొట్టి ఒప్పియ్యలే. ఆలోచన చేసే ఒప్పుకున్న. గప్పుడు ఆ మెట్లు పోతే ఇంకో జాగ లేదు నాకు. గది గూడ రాయి. పాపం అని మాత్రం రాయకు."

"ఎక్కడా రాయలేదు" అంది మా అమ్మాయి.

"రాస్తవేమోనని చెప్తున్న."

ఇంటికొస్తూ క్యాబులోంచే మా నాన్నకి ఫోన్ చేశాను. స్కూల్లో మన కొట్టు సంగతి, నా బేరం సంగతి బయటపడుతుంది, మీకేమైనా చిన్నతనమా అని అడిగాను. రెండక్షరాల కిటుకు కూడా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోతారని చూశాను.

"అది నాకు తెలుసమ్మా."

"ఎప్పటి నుంచి?"

"గల్లాపెట్టె నాది కదా, గిన్నెలు నా ముందు నుంచే వెళ్తాయి. రెండో నెలలోనే తెలిసింది. నీకు చెబితే నీ ముచ్చట పోతుందని ఊరుకున్నాను."

"మరి మొదటి నెల? ఆవిడకి నష్టమని తెలియలేదా?"

వెనక నుంచి టీవీలో వార్తలు వినిపించాయి. "తెలిసే ఉంటుంది. ఆ నెల నూట యాభై చొప్పున మిగులుతుంటే ఎవరు ఆలోచిస్తారు? రాయనీ, నిజమే కదా. కొట్టు పేరు మాత్రం రాయొద్దను. అద్దెకున్నవాడి గిరాకీ దెబ్బతింటుంది."

ప్రజెంటేషన్ రోజు ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి, పేర్లక్కని కూకట్‌పల్లి నుంచి క్యాబులో తీసుకొచ్చాను. దిగగానే ఎంతైందని అడిగింది. చెప్పాను. "ఆటోల వస్తే నూరు తక్కువైతుండె. అడుగొద్దా?" అంది. ఇన్నేళ్ళలో బేరం గురించి నాకు పాఠం చెప్పినవాళ్ళు ఎవరూ లేరు, ఆ గేటు దగ్గర చెప్పించుకున్నాను.

క్లాసులో వెనక వరుసలో తల్లిదండ్రులం కూర్చున్నాం. ఈసారి ఎనిమిది మందికీ ఎనిమిది మంది వేరే మనుషులు. ఒకరు రోజూ ఎక్కే బస్సు కండక్టరును తీసుకొచ్చారు, ఒకరు వీధి చివరి పళ్ళ డాక్టరును. మా అమ్మాయి చార్టు మీద ఫొటోలు లేవు. అన్నం గిన్నె మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అక్షరాలు తేలతాయి, ఆ కాగితాలే అంటించింది. ఒకవైపు ఇరవై అక్షరాలు, ఇంకోవైపు రెండు. వేలు చూసి చదువు నేర్చుకోవడం దగ్గర పిల్లలు నవ్వారు. మణికట్టు దగ్గర నవ్వలేదు. ఐదు నిమిషాలు దాటాయని టీచర్ గడియారం చూపించినా మా అమ్మాయి ఆపలేదు.

ప్రశ్నలు అడగమన్నారు. ముందు వరుసలో ఒక అమ్మాయి లేచింది. "ఆ పన్నెండేళ్ళ పాప ఇప్పుడు ఎక్కడుంది?"

"మా అమ్మ అని చెప్పాను కదా" అంది మా అమ్మాయి.

ఆ మాట ఆ పిల్ల వినలేదేమో, ఇంకా చూస్తూనే ఉంది. పేర్లక్క గడ్డంతో వెనక వరుస చూపించింది. "గదో, ఆకుపచ్చ చీర. కిటికీ పక్కన."

ముప్ఫై తలలు తిరిగాయి. గ్రూపులోని ఏడుగురూ తిరిగారు. ఏం చెయ్యాలో తోచక లేచి నిలబడి, ఓట్లడగడానికి వచ్చినదానిలా నమస్కారం పెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు. దేనికో వాళ్ళకీ తెలిసి ఉండదు.

"మీకు ఆవిడ మీద కోపం రాలేదా ఆంటీ?" అని అదే అమ్మాయి అడిగింది.

"వచ్చింది" అంది పేర్లక్క. "నెల రోజులు మస్తు కోపం వచ్చింది. అటెంక నవ్వు వచ్చింది. ఇప్పుడు రెండు లేవు. గిరాకి ఉంటే సాలు."

తర్వాత మిషను ప్లగ్గుకి పెట్టింది. పిల్లలు టిఫిన్ బాక్సులు పట్టుకుని బల్ల చుట్టూ చేరారు. ఉచితంగా రాస్తారా అని టీచర్ మొహమాటంగా అడిగారు. "ఫ్రీ కాదు మేడమ్. అక్షరానికి ఐదు రూపాయలు. ఫ్రీ బోర్డు కింద ఒకసారి పని చేసి చూసిన" అంది. పొడుగు పేర్లవాళ్ళు ముఖాలు చూసుకున్నారు. ఒకడు, రెండక్షరాలు చాలు ఆంటీ అన్నాడు. రాసిచ్చిన ప్రతి డబ్బా వాళ్ళ చేతికిచ్చి, "జర చదువు" అంది. వాళ్ళు వేలు పెట్టి చదివారు.

ఇక బిల్లు. రెడీమేడ్ మహానుభావుడు మూడు వందలు, వాపసు లేదు. క్యాబులు ఆరు ట్రిప్పులు, యాప్ చెప్పిన ధరే, నోరు విప్పే వీల్లేదు. కలాకంద్ అర కిలో, ఫలితం సున్నా. చెరుకురసం మూడు గ్లాసులు. సగం రోజు సెలవు. మా అమ్మాయి టిఫిన్ బాక్సు మీద పూర్తి పేరు, తొమ్మిది అక్షరాలు, నలభై ఐదు రూపాయలు, నలభై అన్నాను, ఆవిడ వినలేదు. రాబడి, ఇరవైకి పదిహేడు మార్కులు. మూడు కోత పడ్డవి సమయం దాటినందుకు.

ఇవి ఇటువైపు. అటువైపు, ఆ పెళ్ళిళ్ళ సీజనులో మా కొట్టుకి నా బేరం వల్ల మిగిలింది లెక్కేశాను. సెట్టుకి నూట యాభై, నెలలో పద్నాలుగు సెట్లు అనుకున్నా, రెండు వేల పైచిలుకు. సరిగ్గా ఒక మిషను ఖరీదు. దానికి పేర్లక్క కట్టింది ఒక ఏడాది సుత్తి దెబ్బలు, ఒక మణికట్టు. తర్వాత రెండక్షరాలతో అంతకంత రాబట్టుకుంది, ఆ మాట ఆవిడే చెప్పింది కాబట్టి రాస్తున్నాను. కానీ అది ఆవిడ తెలివి, నేను తిరిగిచ్చింది కాదు, నా పద్దులో జమ వేసుకోవడానికి వీల్లేదు. కాబట్టి నా వైపు తేలిన బాకీ ఏడాదీ మణికట్టూ. తగ్గింపు లేదు.